"వాళ్లంతా ఇంతే" అనిపించినప్పుడు లెక్క సరిచూసుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండున్నరకి మెసేజ్: "మూడో ఫ్లోర్‌లో మళ్లీ పాటలు. ఆ నార్త్ ఈస్ట్ పిల్లలే అయ్యుంటారు." నిమిషంలో ఆరు లైకులు. ఎవరూ మెట్లెక్కి చూసింది లేదు. ఆ ఆరింటిలో ఒకటి నాది.

ఇలాంటప్పుడు ముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. గొడవ చేసిన "వాళ్లు", చేయని "వాళ్లు". గొడవ చేసిన మిగతావాళ్లు, చేయని మిగతావాళ్లు. మనసు మొదటి గడి ఒక్కటే నింపి తీర్పు చెప్పేస్తుంది. 60 ఫ్లాట్లలో ఆరింట్లో ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లు ఉన్నారనుకోండి. నెలలో ఆ ఆరిళ్ల నుంచి ఒక గొడవ, మిగతా 54 ఇళ్ల నుంచి తొమ్మిది. రెండు వైపులా ఆరిళ్లకి ఒకటే పడింది. గుర్తుండేది మాత్రం ఆ ఒక్కటే.

1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించారు. ఎ, బి అనే పేర్లు తప్ప ఇంకేమీ తెలియని రెండు గుంపుల గురించి 39 వాక్యాలు చదివించారు. ఎ గుంపులో 18 మంచి పనులు, 8 చెడ్డవి. బి గుంపులో 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి ఒక్కటే. అయినా చదివినవాళ్లు చెడ్డపనుల్లో బి వాటాను పెంచి చెప్పారు. మంది తక్కువ, చెడ్డపనీ అరుదే. రెండూ ఒకచోట కలిస్తే బుర్రలో నాటుకుపోతుంది. ముందు నుంచి ద్వేషం ఉండక్కర్లేదు. నాకు భయం వేసేది అక్కడే.

గళ్లు నింపేటప్పుడు సంఘటనని లెక్కపెట్టండి, ఫార్వర్డ్‌లని కాదు. ఒకే వీడియో ఐదు గ్రూపుల్లో వస్తే ఐదు సార్లు జరిగినట్టే ఉంటుంది. 2012 ఆగస్టులో ఈ ఊళ్లోనే పుకార్లకి భయపడి ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వేలమంది గువాహటి రైళ్లెక్కారు. అప్పుడు కేంద్రం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లని 15 రోజులు ఆపాల్సి వచ్చింది.

నిజంగానే తేడా తేలితే? ఆ ఫ్లాట్ తలుపు కొట్టి మాట్లాడండి. రాష్ట్రాన్ని మధ్యలోకి లాగకండి.

తర్వాత పేరు మార్చి చూడండి. అదే పాట నెల్లూరు కుర్రాడు పెడితే "ఏదో, పుట్టినరోజేమో" అంటాం. వాళ్లు పెడితే "వాళ్ల పద్ధతే అంత". తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు, ఇక ప్రతి చప్పుడూ సాక్ష్యమే. ఈ ఊళ్లో అద్దె ఇంటికి వెళ్లి "ఆంధ్రా బ్యాచిలర్సా? వద్దు" అనిపించుకున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

చివరగా, ఆ గుంపులో ఒక్కరితోనైనా మాట కలపండి. మొన్న లిఫ్ట్‌లో మూడో ఫ్లోర్ అబ్బాయిని "అస్సామా?" అని అడిగాను.

"కాదండీ, మిజోరం. ఐజ్వాల్," అన్నాడు హిందీలో. తర్వాత నవ్వుతూ అడిగాడు: "మీరు తమిళా?"