పాలిథోవా పాలిప్స్ తీసే ముందు జాగ్రత్తలు

విజయవాడ ఎండలకి రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉన్న గదిలో తలుపులు మూసి ఏసీ వేసుకుంటాం. పాలిథోవా పాలిప్స్ (ట్యాంక్‌లోని రాళ్లకి అంటుకుని పెరిగే, పగడాలకి దగ్గరి చుట్టాలైన చిన్న సముద్రజీవులు) తీసే రోజు మాత్రం కిటికీలు బార్లా తెరవండి. చెమట పడితే పట్టనివ్వండి.

– అసలు భయపడాల్సింది పాలిటాక్సిన్ అనే విషానికి. అన్ని పాలిప్స్‌లోనూ ఉండదు, కానీ కంటితో చూసి తేల్చలేం కాబట్టి అన్నింట్లో ఉందనే అనుకోండి. ఈ విషం మరిగించినా చావదు. రాయి మీద వేడినీళ్లు పోస్తే ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. ఎండబెట్టి బ్రష్‌తో రుద్దడమూ వద్దు.

– చిన్న రాయైతే గీకకండి, రాయినే వదులుకోండి. తప్పదంటే బయటికి తీసి, బకెట్ ఉప్పునీళ్లలో ముంచి ఉంచే గీకాలి.

– నైట్రైల్ గ్లౌజులు, గాగుల్స్, మాస్క్. చేతికి గాటు ఉంటే పని వాయిదా.

– పిల్లలు, పెంపుడు జంతువులు వేరే గదిలో.

– కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (నీటిని శుభ్రం చేసే బొగ్గు), ఆర్‌ఓ నీళ్లతో కలిపిన ఉప్పునీళ్లు ముందే సిద్ధం. కృష్ణా నీళ్లే కదా అని కుళాయి పట్టొద్దు!

– పనిముట్లు నానబెట్టడానికి బ్లీచ్ కలిపిన నీళ్లు.

– నోట్లో లోహపు రుచి, చలిజ్వరం, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. పాలిటాక్సిన్ అని డాక్టర్‌కి మీరే చెప్పండి, లేకపోతే మామూలు జ్వరమనుకునే ప్రమాదముంది.