ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో రెండో ప్రశ్నకే రెట్టింపు విలువ

భీమవరం, అమలాపురం వైపు నుంచి విదేశీ చదువుల కోసం అకడమిక్ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవారిలో కొందరు రైటింగ్ (రాత) విభాగంలో మొదటి ప్రశ్నలోని గ్రాఫు దగ్గరే అరగంట గడిపేస్తారు. అయితే బ్యాండు (స్కోరు) లెక్కలో రెండో ప్రశ్న అయిన వ్యాసానికి దానికంటే రెట్టింపు విలువ ఉంటుంది కనుక, ఉన్న 60 నిమిషాల్లో 40 నిమిషాలు వ్యాసానికే కేటాయించడం మంచిది.

అడిగినదానికి సమాధానం, ఆలోచనల పొందిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగు అంశాలనూ సమానంగా లెక్కిస్తారు కాబట్టి, నిఘంటువులో ఏరుకొచ్చిన బరువైన మాటలు ఒక్క అంశంలోనే, అదీ సరిగ్గా వాడితేనే, అక్కరకొస్తాయి. బట్టీపట్టిన పేరాలు (మన వైపు ఈ అలవాటు ఎక్కువే) మేలు చేయవు. పర్యావరణంపై ప్రశ్న వచ్చినప్పుడు, వరిచేలు రొయ్యల చెరువులుగా మారడం వంటి కళ్లెదుటి ఉదాహరణను రెండు వాక్యాల్లో వివరిస్తే వాదనకు బలం చేకూరుతుంది. వ్యాసం మాత్రం 250 పదాలకు తగ్గకూడదు.