దిశ ఉంటే చాలు, వెక్టర్ అయిపోతుందా?

వెక్టర్ అంటే ఏంటని మా ట్యూషన్ పిల్లల్ని అడిగితే "పరిమాణం, దిశ రెండూ ఉన్నది" అని టక్కున చెప్తారు. మరి కరెంటు? సర్క్యూట్ బొమ్మలో బాణం గీస్తాం కాబట్టి వెక్టరే అంటారు సగం మంది. ఒక మార్కు అక్కడే పోతుంది.

ముందు చూడాల్సింది, అంకె, యూనిట్ చెప్పగానే మాట పూర్తయిందా అని. ద్రవ్యరాశి 5 కిలోలు, కాలం 20 సెకన్లు అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. అవి స్కేలార్లు, అంటే అదిశ రాశులు. మైనస్ చూసి కంగారు పడొద్దు. మైనస్ 10 డిగ్రీల ఉష్ణోగ్రత ఏ దిక్కుకీ పోదు.

"ఎటువైపు?" అని అడగాల్సి వస్తే, అప్పుడు కూడి చూడండి. ఒక వస్తువు మీద 3 న్యూటన్లు, 4 న్యూటన్ల బలాలు ఒకే వైపు పనిచేస్తే ఫలితం 7. ఎదురెదురుగా అయితే 1. లంబంగా అయితే 5, ఎందుకంటే 9కి 16 కలిపితే 25, దాని వర్గమూలం 5. కోణం మారితే మొత్తం కూడా మారింది కాబట్టి బలం వెక్టర్.

ఇప్పుడు 3 ఆంపియర్లు, 4 ఆంపియర్లు తెచ్చే రెండు తీగల్ని ఒక చోట కలపండి. తీగల్ని ఎంత వంచినా మూడో తీగలో వెళ్లేది 7 ఆంపియర్లే. సెకనుకి ఎంత విద్యుదావేశం (ఛార్జ్) వస్తే అంతా బయటికి పోవాలి, కోణంతో దానికి పనిలేదు. అందుకే కరెంటు స్కేలార్.

దిశ ఉన్నంత మాత్రాన వెక్టర్ కాదంటే ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పుస్తకాన్ని అట్ట పైకి ఉండేలా ముందు పెట్టుకోండి. బల్ల మీదే కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పి, తర్వాత అవతలి అంచు పైకెత్తి నిలబెట్టండి. అట్ట మీవైపు ఉంటుంది. మళ్లీ మొదటికొచ్చి, ముందు నిలబెట్టి తర్వాత తిప్పండి. ఈసారి అట్ట ఎడమవైపు చూస్తుంది! వెక్టర్లని ఏ వరుసలో కూడినా మొత్తం ఒకటే రావాలి. పెద్ద కోణాల భ్రమణాలకి, అంటే ఇలా తిప్పడాలకి, అది కుదరదు, కాబట్టి దిశ ఉన్నా అవి వెక్టర్లు కావు.

దూరం (నడిచిన దారంతా, స్కేలార్), స్థానభ్రంశం (మొదలైన చోటు నుంచి ఆగిన చోటుకి నేరుగా ఎంత, ఎటు, వెక్టర్) తేడా తేలికే: 400 మీటర్ల ట్రాక్‌లో ఒక రౌండు పూర్తిచేస్తే దూరం 400, స్థానభ్రంశం సున్నా. వడి, వేగం జంట కూడా అంతే: వడి స్కేలార్, వేగం వెక్టర్.

యూనిట్‌ని బట్టి మాత్రం తేల్చకండి. పనికీ, టార్క్‌కీ (బలం వస్తువుని తిప్పే ప్రభావానికీ) యూనిట్ న్యూటన్ మీటరే అయినా పని స్కేలార్, టార్క్ వెక్టర్.