పూల్ ఆటకి కొత్తా? ముందు ఈ మాటలు

విశాఖ సిరిపురం వైపు ఫ్రెండ్స్‌తో మొదటిసారి పూల్ ఆడటానికి వెళ్తున్నారా? కర్రతో కొట్టాల్సింది తెల్ల బంతినే, అదే క్యూ బాల్. అది పాకెట్‌లో, అంటే టేబుల్ అంచున ఉండే గుంతలో పడితే స్క్రాచ్, అంటే ఫౌల్. ఎయిట్ బాల్ అనే రకం పూల్‌లో 1 నుంచి 7 నిండు రంగు సాలిడ్స్, 9 నుంచి 15 చారల స్ట్రైప్స్. నల్ల 8 మాత్రం ఆఖర్న.

అన్నిటికన్నా మిస్‌క్యూ గుర్తుంచుకోండి. కర్ర కొన జారి, ‘టక్’మని బంతి పక్కకి పోవడం. అందుకే చాక్‌ని, అంటే కర్ర కొనకి రాసే సుద్దని, గిర్రున తిప్పకుండా, బొట్టు అద్దినట్టు కొన అంచుల దాకా పలచగా అద్దండి. టెన్షన్‌లో చాలామంది మర్చిపోయేది ఇదే.

మన విశాఖ తేమకి టేబుల్ మీద బట్ట చెమ్మగిల్లి బంతి త్వరగా ఆగిపోతుంది. ఏసీ లేకపోతే కాస్త గట్టిగా కొట్టండి.