కడప నుంచి కోస్తాకు వ్యానులో: ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎట్లా సరిచేసుకున్నాం

జనవరి చివర్లో నేనూ మా ఆయనా పాత వ్యానులో కడప నుంచి బయల్దేరినాం. మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు చేరి, మైపాడు దగ్గర సముద్రం చూసినాం. అక్కణ్ణుంచి 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కొత్తపట్నం, వాడరేవు, సూర్యలంక దాకా పోయినాం. ఆరు రోజులు. లాడ్జికి ఒక్క రూపాయి కట్టలేదు, పడక వ్యానులోనే.

ఇబ్బందులు సముద్రం దగ్గర బయటపడినాయి, కానీ వెతుక్కుంటూ పోతే చాలావాటికి కారణం ఇంటి దగ్గరే దొరికింది. మన పొడిగాలికి, మన బోరు నీళ్ళకి, మన గట్టి నేలకి తగినట్టు బండి సర్దుకుని తేమలోకీ ఇసుకలోకీ తీసుకపోయినాం. ఇదే పని పెట్టుకున్న జంటలకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందుగా ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే మేము కోతలూ వెల్డింగులూ పెట్టుకోలేదు. వెనక సీట్లు మడిచి, వాటి మీద పెట్టి తీసేసే చెక్క మంచం చేయించుకున్నాం.

ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

బద్వేలు దాటి వెలిగొండల దారిలో ముల్లు సగం దాటింది. మా వ్యానుకు ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి ముల్లు కంటే ముందు నా సీటే చెప్పింది, వేడెక్కుతున్నానని. వెంటనే ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా తిప్పండి. ఉక్కపోసినా సరే, ఇంజన్ వేడి కొంత లోపలికి లాగుతుంది. ముల్లు దిగకపోతే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపల నీళ్ళు ఒత్తిడి మీద మరుగుతుంటాయి, మూత తిప్పితే మొహానికి ఎగజిమ్ముతాయి. బండి చేయి పెట్టగలిగేంత చల్లారాలి, అరగంటకు తక్కువ పట్టదు.

కారణం నెల్లూరులో మెకానిక్ షెడ్డులో తెలిసింది. రేడియేటర్ కింద బిరడా తీస్తే మొదట తుప్పురంగు నీళ్ళు, వాటి వెనకే సున్నపు పెచ్చుల్లాంటి తెల్ల ముక్కలు వచ్చినాయి. ఏడాదిగా కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్ళే పోసినాం. మన కుండ అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంది. ఊళ్ళో నాలుగు కిలోమీటర్లు తిరిగితే తెలియదు, ఎత్తు మీద తెలుస్తుంది. రేడియేటర్ కడిగించి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించండి. హోస్ పైపుల క్లాంపులు, ఫ్యాను తిరగడం కూడా చూపించండి.

మీరు కడప వాళ్ళయితే బయల్దేరే వారం ముందు సామాన్లన్నీ ఎక్కించి గువ్వలచెరువు ఘాట్ ఒకసారి ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు ఇంజన్ సంగతి, దిగేటప్పుడు బ్రేకుల సంగతి తెలుస్తాయి. తేడా ఉంటే పాలకోవా కొనుక్కుని ఇంటికొచ్చి బాగుచేయించుకోవచ్చు.

పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు

మైపాడులో మొదటి రాత్రి ఫ్యాను, చిన్న లైటు, రెండు ఫోన్లు, అన్నీ బండి బ్యాటరీ మీదే నడిపినాం. పొద్దున తాళం తిప్పితే టక్ టక్‌మని శబ్దం, అంతే. లెక్క చూస్తే తప్పు అర్థమైంది. 12 వోల్టుల ఫ్యాను 2 ఆంపియర్లు తాగితే ఎనిమిది గంటలకు 16 ఆంపియర్-అవర్లు. మిగతావి కలిపితే 20. మా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది, పైగా పాతది. ఇట్లాంటిదాన్ని సగం కంటే కిందికి దించితే సెల్ఫ్‌కు చాలదు, బ్యాటరీ ఆయుష్షూ తగ్గిపోతుంది.

అప్పటికప్పుడు చేసింది: తాళం ఆన్‌లో పెట్టి, సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కిపెట్టుకుని నేను కూర్చున్నా. మా ఆయనా, టీ అంగడి అన్నా తోసినారు. బండి ఊపందుకోగానే క్లచ్ వదిలినా, స్టార్టయింది. గేరు బండికే ఇది కుదురుతుంది. శాశ్వతంగా కావాలంటే ఫ్యానుకూ లైటుకూ వేరే సీల్డ్ బ్యాటరీ పెట్టించి, మధ్యలో ఐసోలేటర్ రిలే వేయించండి. ఇంజన్ నడిచేటప్పుడు రెండూ చార్జవుతాయి, ఆపితే విడిపోతాయి. రెండో బ్యాటరీ ప్లస్ తీగకు, బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఇది మానొద్దు, తీగ ఎక్కడన్నా ఒరుసుకుంటే పడకకే మంట అంటుకుంటుంది. వోల్టులు చూసే మీటరు వాడకం కూడా నేర్చుకోండి: బండి ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులుంటే నిండు, 12.2 అంటే సగం.

లోపల పైకప్పు నుంచి నీళ్ళ బొట్లు, పరుపు కింద చెమ్మ

వాన కారిందనుకున్నాం. ఆకాశంలో మబ్బు లేదు. కడపలో నెల దాకా కరకరలాడే బొరుగులు ఆ ఒక్క రాత్రికే మెత్తబడినాయి, అది చూసినాకే అర్థమైంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. దానికి తోడు మూసిన వ్యానులో ఇద్దరి ఊపిరి. తెల్లవారుజామున రేకు చల్లబడగానే ఆ తేమంతా పైకప్పుకు పట్టి కారుతుంది.

దోమలని అద్దాలన్నీ మూసుకోవడమే తప్పు. ఎదురెదురు కిటికీలకు దోమతెర బిగించి, రెండూ నాలుగు వేళ్ళ మందం దించి పెట్టండి. పరుపు నేరుగా ప్లైవుడ్ మీద వేయకుండా పట్టీల మంచం మీద వేస్తే కింద గాలి ఆడుతుంది. పొద్దునే ఎత్తి ఎండకు పెట్టండి. లోపల అన్నం వండొద్దు, ఆవిరంతా పరుపులోకే పోతుంది.

గ్యాసు వాసన, లేదా లేచేసరికి తలనొప్పి

వంట ఎప్పుడూ బయటే. వంటగ్యాసు గాలికంటే బరువు కాబట్టి కారితే నేలమట్టాన నిలుస్తుంది, పడుకున్న మనిషికి అదే ఎత్తు. వాసనొస్తే స్విచ్చులు ముట్టకుండా తలుపులన్నీ తీసి దిగిపోండి, తర్వాత సబ్బునీళ్ళతో రెగ్యులేటరూ పైపూ చూసుకోండి.

తలనొప్పి, వికారం ఇంకా పెద్ద ప్రమాదం. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని మూసిన బండిలో నిద్రపోయినా, లోపల కుంపటి పెట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అనుమానం వస్తే ఇద్దరూ బయటి గాలికి వచ్చి, నేరుగా ఆసుపత్రికి పోండి. ఎంత ఉక్కపోసినా సరే, ఇంజన్ నడుస్తుండగా పడుకోవద్దు.

ఇసుకలో చక్రం తిరుగుతోంది, బండి కదలదు

వాడరేవులో ఫొటో కోసం పది గజాలు ఎక్కువ పోయినాం. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వెనక చక్రం గొయ్యి తవ్వుకుంది. "ఆపు, ఇంగ తొక్కితే ఇంగా లోపలికి పోతాది" అని నేను దిగినా. పడవ దగ్గర వల సర్దుకుంటున్న పెద్దాయన వచ్చి, "ముందు గాలి తీయండమ్మా" అన్నాడు.

అదే మందు. 30 ఉన్న టైర్లకు 16-18 దాకా దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకను పట్టుకుంటుంది. చక్రాల దారిలో ఇసుక చేత్తో తోడేసి, బండిలో కాళ్ళ కింద వేసే మ్యాట్లు పరిచి, స్టీరింగ్ నేరుగా పెట్టి మెల్లగా వెనక్కి రావాలి. బయటికొచ్చినాక నింపుకోవడానికి 12 వోల్టుల గాలిపంపు దగ్గరుండాలి, తగ్గిన గాలితో రోడ్డు మీద వేగం పోకూడదు. అలలు ముందుకొచ్చే వేళయితే ఆలోచించకుండా ట్రాక్టరు పిలవండి.

అనుకున్నదానికంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది

పైన క్యారియర్, దాని మీద మూటలు, 80 దాటిన వేగం. మూటలు లోపలికి దించి 60-65లో పోయినాం, తేడా తెలిసింది.

మూడో రోజుకు ఇద్దరికీ మాటల్లేవు

దీన్నీ సమస్యల్లోనే రాస్తున్నా. నిద్ర చాలక, పొద్దుపోయినాక పడక కోసం చీకట్లో వెతికి ఇద్దరం విసిగిపోయినాం. నాలుగో రోజు నుంచి సాయంత్రం ఐదుకే ఆగినాం, జనం తిరిగే పెట్రోలు బంకు పక్కన, అడిగి. స్టీరింగ్ చెరి రెండు గంటలు. పొద్దున ఉగ్గాణి పది నిమిషాల పని. మెత్తబడిన బొరుగులు దానికి సరిపోయినాయి.

ఇంటికొచ్చిన పదిరోజులకు బండి కింద తుప్పు

బీచి తిరిగిన బండికి బోల్టుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మేము బద్వేలులో వాటర్ సర్వీసింగ్ చేయించినాం, పైభాగం మాత్రమే. కింద చూసుకోలేదు, సైలెన్సర్ పట్టీ పట్టుకుని లాగితే పొడిపొడిగా రాలింది. మీరు నెల్లూరు వదలకముందే బండిని పైకెత్తించి, అడుగు భాగం, చక్రాల గూళ్ళు మంచినీళ్ళతో కడిగించుకోండి.