చైనీస్ మాటల బడి – 6వ పాఠం: షాశీ సంతలో

ముందు పోయిన పాఠం లెక్క తేల్చుకుందాం. మీకంటే ఓ పదేళ్లు పెద్దదైన ఆవిణ్ని దారిలో ఎలా పిలవాలని అడిగాను. జవాబు "తా4 చియె3". పెద్దక్క అని అర్థం. పక్కనున్న అంకె గొంతు స్థాయిని చెబుతుంది, దాని సంగతి కాసేపట్లో. ముక్కూ మొహం తెలియని మనిషిని అక్కా, తాతా అని వరస కలిపి పిలిచే అలవాటు మనకెంత ఉందో చైనా పల్లెల్లోనూ అంతే ఉంది. ఈ పాఠమంతా ఆ పిలుపు మీదే నడుస్తుంది, కాబట్టి ఇంకోసారి గట్టిగా అనండి: తా4 చియె3.

పోయినసారి నైరుతి చైనాలోని యునాన్ రాష్ట్ర రాజధాని ఖున్‌మింగ్‌లో రైలెక్కి తాలీలో దిగాం. ఇవాళ అక్కణ్నించి ఉత్తరానికి వెళ్లి, చియెన్‌ఛ్వాన్ జిల్లాలోని షాశీ అనే చిన్న ఊళ్లో సంతకు పోదాం. జిల్లా కేంద్రం నుంచి షాశీకి చిన్న వ్యాన్లు నడుస్తాయి. కొండ దాటి కిందికి దిగితే పచ్చటి లోయ, మధ్యలో గలగలమంటూ పారే చిన్న నది. ఆ నీళ్లు చివరికి మెకాంగ్‌లోనే కలుస్తాయి. ఒకప్పుడు యునాన్ దక్షిణ భాగం నుంచి టిబెట్‌కు తేయాకు మోసుకుపోయిన గుర్రాల బిడారులు ఈ ఊళ్లోనే ఆగేవి. చుట్టుపక్కల ఉప్పు బావులు ఉండటంతో ఉప్పు వ్యాపారమూ ఇక్కడ సాగింది. ఊరి నడుమ రాళ్లు పరిచిన చౌకు ఉంది. ఒక పక్క 1415లో కట్టిన శింగ్‌చియావ్ గుడి, దానికెదురుగా నాటకాలాడే పాత రంగస్థలం. శిథిలమైపోతున్న కట్టడాల జాబితా ఒకటుంది, ప్రపంచ కట్టడాల నిధి వాళ్లు ప్రకటించేది. 2002 జాబితాలో ఈ సంత చౌకు చేరింది. తర్వాత స్విట్జర్లాండ్‌లోని జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు, జిల్లా ప్రభుత్వం కలిసి దీన్ని బాగు చేశారు. కొత్తగా కట్టినట్టు మెరిపించకుండా, మట్టిగోడను మట్టిగోడలాగే నిలబెట్టారు. నాకు ఆ ఊరంటే అంత ఇష్టం కలగడానికి అదే కారణం.

చరిత్ర ఇక చాలు. మనం వచ్చింది మాటల కోసం.

ఊరి పేరులోనే ఇవాళ్టి మొదటి పాఠం ఉంది. షా1 శీ1. ఒకటి షట్కోణంలో ష, రెండోది శంఖంలో శ. ఇంగ్లీషు అక్షరాల్లో చైనీస్ నేర్చుకునేవాళ్లు ఈ రెంటికీ తేడా పట్టుకోవడానికి నెలలు కష్టపడతారు. మనకు ఒకటో తరగతిలోనే రెండు వేరు వేరు అక్షరాలు దిద్దించారు. కాకపోతే దిద్దాం గానీ పలకడం మానేశాం. శనివారాన్ని సనివారం అంటాం, ఖాళీని కాళీ అంటాం, భయాన్ని బయం అంటాం. చైనీస్ మాట్లాడాలంటే కొత్త శబ్దాలు నేర్చుకోవాల్సింది తక్కువ. అక్షరమాలలో వదిలేసిన వాటిని మళ్లీ నోటికి తెచ్చుకోవాల్సిందే ఎక్కువ.

ష అనేటప్పుడు నాలుక కొన పైకి వంగాలి, ళ అనేటప్పుడు వంగినట్టు. శ అనేటప్పుడు నాలుక కొన కింది పళ్ల వెనక ఆని, నడిమి భాగం అంగిలికి దగ్గరవ్వాలి. షా, శీ, షా, శీ. పదిసార్లు. అద్దం ముందైతే ఇంకా మంచిది.

ఇప్పుడు గాలి సంగతి. 1958లో చైనా అధికారికంగా ఆమోదించిన రోమన్ లిపి పద్ధతిలో మన "గ" అక్షరంలా కనిపించేది నిజానికి మన క. "ద"లా కనిపించేది మన త. "బ"లా కనిపించేది మన ప. అందుకే తాలీని మనవాళ్లు దాలి అని రాస్తుంటారు. చైనీస్ ఈ జంటల్లో చూసే తేడా ఒకటే: నోట్లోంచి గాలి వచ్చిందా లేదా. క–ఖ, త–థ, ప–ఫ, చ–ఛ. ఇక్కడ ఫ అంటే ఫ్యానులో పలికే ఫ కాదు. పెదవులు మూసి, ప అంటూ గాలి వదలాలి.

సంతలో దీని అవసరం ఎంతో చెబుతాను. చీ1 అంటే కోడి. ఛీ1 అంటే ఏడు. స్థాయి ఒకటే, అచ్చు ఒకటే, తేడా గాలిదే. న్యూస్‌పేపరు అంచు వేలెడు వెడల్పున చింపి పెదవుల ముందు వేలాడదీయండి. చీ అంటే కాగితం కదలకూడదు. ఛీ అంటే ఎగరాలి. మనకు అసహ్యం వేసినప్పుడు వచ్చే "ఛీ!" ఉంది చూడండి, అదే గాలి. కోపం తీసేసి గాలి మాత్రం ఉంచుకోండి.

ఇంకో అక్షరం. "చలి", "చుక్క" అనేటప్పుడు పలికే చ వేరు, "చిలక" అనేటప్పుడు పలికే చ వేరు. పాత పుస్తకాల్లో మొదటిదాన్ని ౘ అని పైన గుర్తుపెట్టి రాసేవాళ్లు. ఆ తేడా చైనీస్‌కు ప్రాణం, అందుకే ఈ పాఠాల్లో ఆ గుర్తును వాడుతున్నాను. నాలుక వంచి పలికే చ ఒకటి మనకు లేదు. దాన్ని "ట్ష" అని రాస్తున్నాను. ట, ష కలిపి ఒక్క దెబ్బలో అనండి.

స్థాయిలు మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం, మరిచిపోయినవాళ్ల కోసం ఒక్కసారి. మన "ఆ" తీసుకోండి. డాక్టరు నోరు తెరవమంటే సాగదీసి "ఆ—" అంటాం, అది 1. వినపడక "ఆఁ?" అని పైకి లేపుతాం, అది 2. ఇష్టం లేకుండా గొంతు దించి "ఆ..." అంటాం, అది 3. "ఆ! అంతే" అని తెగ్గొడతాం, అది 4. నాలుగూ రోజూ మన నోట్లో తిరిగేవే. మనం వాటిని మనసు చెప్పడానికి వాడుతున్నాం, వాళ్లు మాటను మార్చడానికి వాడుతున్నారు.

ఇక సంతలోకి నడుద్దాం. షాశీలో శుక్రవారం సంత. ఇప్పుడది పాత చౌకులో కాదు, బయట పెద్ద రోడ్డు వైపు జరుగుతుంది. సంతకు పోవడాన్ని పుస్తకం ప్రకారం "కాన్3 చియె1" అంటారు. యునాన్ జనం నోట మాత్రం "కాన్ కాయ్" అని వినిపిస్తుంది. ఇలాంటివి ముందే తెలిసి ఉండటం మంచిది. యునాన్ యాసలో స్థాయిలు కూడా పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. పైగా లోయలో ఎక్కువమంది పాయ్ జాతివాళ్లు, ఇంట్లో పాయ్ భాషే మాట్లాడతారు. మీతో మాట్లాడే చైనీస్ వాళ్లకూ బళ్లో నేర్చుకున్నదే. అందుకే ఓపిగ్గా, మాట మాట విడదీసి చెబుతారు. మహానగరంలో ఆ ఓపిక దొరకదు. కొత్తగా నేర్చుకునేవాళ్లను నేను ఇలాంటి ఊళ్లకే ముందు వెళ్లమంటాను.

నేను మొదటిసారి వెళ్లింది శరత్కాలంలో. ఒకావిడ వెదురు బుట్టలో బేరిపండ్లు పెట్టుకుని కూర్చుంది. నేను "లీ4 ౘ" కావాలన్నాను. ఆవిడ తల ఊపి, పక్కనున్న బస్తా మూతి విప్పి, గోధుమరంగు గింజలు గుప్పెడు తీసి తూనికకోల పళ్లెంలో పోసింది. పొడుగాటి కర్ర, దాని మీద జరిగే గుండు, మన తాతల కాలంనాటి తూనికే. నేను కాదు కాదని బుట్ట చూపించాను. ఆవిడ ఒక పండు తీసి నా మొహం ముందు పట్టుకుని "లీ2" అంది. గొంతు పైకి లేపి, గడ్డం కూడా కాస్త పైకెత్తి. తర్వాత గింజ ఒకటి పట్టుకుని "లీ4" అంది, గడ్డం కిందికి దించి. నేను సరిగ్గా అనేదాకా పండూ గింజా మార్చి మార్చి చూపించింది. ఏ పుస్తకంలోనూ నాకంత బాగా అర్థం కాలేదు.

ఆ మూడు మాటలూ రాసుకోండి. లీ2 ౘ బేరిపండు. లీ3 ౘ ప్లమ్ పండు. లీ4 ౘ చెస్ట్‌నట్, కాల్చి తింటే మన పనసగింజ గుర్తొస్తుంది. ప్లమ్‌లు వేసవిలో వస్తాయి, చెస్ట్‌నట్‌లు శరత్తులో. మూడింటినీ ఆవిడ చెప్పినట్టే గడ్డంతో కలిపి సాధన చేయండి: 2కు పైకెత్తండి, 3కు మెడలోకి దించి ఉంచండి, 4కు ఒక్క ఊపున దించండి.

కొనడం, అమ్మడం కూడా ఇంతే. మాయ్3 కొనడం, మాయ్4 అమ్మడం. ధర అడగడానికి పుస్తకాలు "త్వో1 షావ్ ఛియెన్2?" నేర్పిస్తాయి. ఎంత డబ్బు అని అర్థం, తప్పేం లేదు. కానీ తూచి అమ్మే సరుకు దగ్గర జనం అడిగేది "ౘన్3 మ మాయ్4?" అని. మన "ఎలా ఇస్తున్నావు?" ఉంది కదా, అచ్చం అదే. ఎలా అనే మాటతో సహా. ఇది వాడితే మీరు సంత తెలిసిన మనిషని వాళ్లకు అర్థమవుతుంది.

అంకెలు: యీ1, అర్4, సాన్1, స్4, వూ3, లియో4, ఛీ1, పా1, చియో3, ష్2. నాలుగు, పది దగ్గర అచ్చు లేనట్టు రాశాను. స్ అని పట్టుకుని, నాలుక కదపకుండా అలాగే గొంతు కలపండి. పదికి ష్ అని నాలుక వంచి పట్టుకుని కలపండి. "స్ ష్" నలభై, "ష్ స్" పద్నాలుగు. ఇక్కడ పొరపడితే ధర దాదాపు మూడింతలు మారిపోతుంది. వస్తువులు లెక్కపెట్టేటప్పుడు రెండుకు అర్4 కాదు, లియాంగ్3.

చెవి నమ్మలేనప్పుడు చేతివైపు చూడండి. వాళ్లు ఒకటి నుంచి పది దాకా ఒంటి చేత్తోనే చూపిస్తారు. ఐదు దాకా మనలాగే. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొసలు ఒకచోట చేరిస్తే ఏడు. ఇది మన కంటికి అన్నం తిన్నావా అన్నట్టు కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు విడదీసి చాపితే ఎనిమిది. మనం దాన్ని రెండు అనుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది.

తూకం. చైనాలో ఎక్కువచోట్ల ధర "చిన్1" లెక్కన చెబుతారు, అంటే అరకిలో. పాన్4 చిన్1 అంటే దాంట్లో సగం, పావుకిలో. యునాన్ సంతల్లో మాత్రం "కుంగ్1 చిన్1", అంటే కిలో లెక్క బాగా వినిపిస్తుంది. ముందు కుంగ్ వినపడిందో లేదో అనుమానముంటే సిగ్గుపడకుండా "కుంగ్1 చిన్1 మా?" అని అడిగేయండి. చివర మా పెడితే ప్రశ్న. మన "కిలోనా?" లాగే. రూపాయి బదులు వాళ్ల యువాన్‌ను మాటల్లో ఖ్వాయ్4 అంటారు.

ఇప్పుడు మొత్తం సంభాషణ. మీ పక్కన ఎవరైనా ఉంటే ఒకరు కొనండి, ఒకరు అమ్మండి.

— తా4 చియె3, లీ2 ౘ ౘన్3 మ మాయ్4? (అక్కా, బేరిపండ్లు ఎలా?)
— యి4 కుంగ్1 చిన్1 పా1 ఖ్వాయ్4. (కిలో ఎనిమిది.)
— ఛీ1 ఖ్వాయ్4, శింగ్2 మా? (ఏడుకిస్తావా?)
— శింగ్2. (సరే.)
— యావ్4 యి4 కుంగ్1 చిన్1. (కిలో కావాలి.)
— వో3 సావ్2 నీ3. (ఇదీ కొనేవాళ్ల మాటే: డబ్బు కట్టడానికి నేను నీ కోడ్ స్కాన్ చేస్తాను.)

యీ1 అనే ఒకటి కుంగ్ ముందు యి4గా మారింది, గమనించారా? తర్వాత వచ్చేది 4వ స్థాయి అయితే 2గా మారుతుంది: యి2 ఖ్వాయ్4. చివరి వాక్యంలో సావ్ నిజానికి 3. రెండు మూడులు పక్కపక్కన పడితే ముందున్నది 2 అవుతుంది, అది నాలుగో పాఠంలోనే చూశాం.

ఆ చివరి వాక్యం ఇప్పుడు చైనా అంతటా రోజుకు కోట్లసార్లు వినిపించే మాట. కూరలమ్మే ముసలావిడ దగ్గరా క్యూఆర్ అట్ట వేలాడుతుంది. ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లవి: ఆకుపచ్చది వీచాట్, నీలిది అలీపే. మన కార్డులను వీటికి జతచేసుకోవచ్చు, కాకపోతే ఇంటి దగ్గరే చేసుకుని బయల్దేరండి. దుకాణం కోడ్ అయితే పనిచేస్తుంది. వ్యక్తిగత కోడ్ పెట్టుకున్న వాళ్లకు విదేశీ కార్డుతో డబ్బు వెళ్లకపోవచ్చు. అందుకని జేబులో చిన్న నోట్లు ఉంచుకోండి.

బేరం గురించి నా మాట ఒకటి. "థాయ్4 క్వెయ్4 ల" (మరీ ఎక్కువ), "ఫియెన్2 యి యి4 తియెన్3" (కాస్త తగ్గించు) నేర్పిస్తున్నాను, సామాను దుకాణాల దగ్గర వాడండి. పెరట్లో కాసినవి వీపున బుట్టలో మోసుకుని కొండ దిగివచ్చిన ముసలావిడ దగ్గర ఒక్కసారి అడగండి, కాదంటే ఆవిడ చెప్పిందే ఇచ్చేయండి. వద్దనుకుంటే "పు2 యావ్4" అని ఊరుకోకుండా ముందు అక్కా అనే పిలుపు తగిలించండి, మాట మెత్తబడుతుంది.

వచ్చే పాఠానికి పని. ఒకటి, కాగితం ముక్కతో చీ–ఛీ, పా–ఫా, కాన్–ఖాన్ ఇరవైసార్లు. రెండు, ఎవరిచేతనైనా వేళ్లతో ఆరు నుంచి తొమ్మిది దాకా కలగాపులగంగా చూపించమని, చూసీచూడగానే చైనీస్‌లో చెప్పండి. మూడు, పావుకిలో చెస్ట్‌నట్‌లు కావాలని అక్కను అడిగే వాక్యం రాయండి. జవాబు ఏడో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో సంత నుంచి నేరుగా ఓ ఇంటి భోజనశాలకు వెళ్తాం: పనీరును తలపించే రూ2 పింగ్3 అనే మేకపాల ముక్కలు వేయించమని చెప్పడం, మాంసం తినని వాళ్లు పంది కొవ్వు వేయకుండా కూర వండించుకోవడం.