నీళ్ళ ట్యాంకరుతో మొదలుపెట్టండి

చెన్నై అన్నానగర్‌లో సివిల్స్‌కి చదివే మా నెల్లూరు పిల్లల ఇంగ్లీషు నేను ఆదివారాలు దిద్దుతాను. యూపీఎస్సీ మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లీషు పేపర్లు చెరో 300 మార్కులకు. 25 శాతం వస్తే చాలు, కానీ అది రాకపోతే మిగతా పేపర్లు దిద్దరు. అందుకే వీటిని తేలిగ్గా తీసుకుంటే నాకు బాధేస్తుంది.

వ్యాసానికి కళ్ళెదుటి సమస్య పట్టుకోండి. చెన్నైలో అది నీళ్ళు. 2019లో చెరువులెండి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మన కృష్ణ నీళ్ళు తెలుగుగంగ ద్వారా పూండి జలాశయానికి వస్తాయి. ఈ రెండూ రాస్తే "నీరే ప్రాణాధారం" అన్న అరిగిపోయిన మొదలు అక్కర్లేదు.

అనువాదానికి రోజూ ఐదు తెలుగు వాక్యాలు ఇంగ్లీషులోకి మార్చండి. మర్నాడు తెలుగు చూడకుండా వెనక్కి తెచ్చి పోల్చండి. "మా వీధికి మూడు రోజులుగా నీళ్ళు రావట్లేదు" అన్నదాన్ని ఒకమ్మాయి "వాటర్ ఈజ్ నాట్ కమింగ్ సిన్స్ త్రీ డేస్" అని రాసింది. మన "రోజులుగా"కి అక్కడ "ఫర్" రావాలి, క్రియ కూడా మారాలి: "అవర్ స్ట్రీట్ హ్యాజ్ హ్యాడ్ నో వాటర్ ఫర్ త్రీ డేస్." ఈ తప్పు వారానికి నలుగురి కాగితాల్లో కనిపిస్తుంది. ఇలాంటివి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి.

వ్యాసం మాత్రం గడియారం పెట్టుకుని, చేత్తోనే రాయండి.